బార్కర్‌విల్ వెళ్తే వాకెమ్‌ని కూడా తలుచుకోండి

వాంకూవర్ నుంచి బ్రిటిష్ కొలంబియాలోని పాత బంగారు గనుల ఊరు బార్కర్‌విల్‌కి ఒక్క రోజులో వెళ్లి వచ్చేద్దామనుకోకండి. క్వెస్నెల్ వరకే 650 కిలోమీటర్ల పైన, అక్కడి నుంచి ఇంకో 80. మేం మొదటి రాత్రి క్వెస్నెల్‌లో మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ లారీల చప్పుడుకి పిల్లలు నిద్రపోలేదు. మర్నాడు బార్కర్‌విల్‌కి 8 కిలోమీటర్ల దూరంలోని వెల్స్‌కి మారాం. అద్దె కాస్త ఎక్కువైనా అదే నయం. ఎండాకాలంలోనూ రాత్రిళ్లు చలేస్తుంది, స్వెటర్లు తప్పనిసరి.

1862లో బంగారం పడ్డ ఈ ఊళ్లో ఎక్కువగా వినిపించే పేరు జడ్జి బెగ్బీది. నేను వెళ్లింది మాత్రం జార్జ్ ఆంటొనీ వాకెమ్ కోసం. ఐర్లండ్‌లో పుట్టి, కెనడాలో లా చదివి 1862లో ఇటు వచ్చాడు. బ్రిటన్‌లో చదవలేదని బెగ్బీ ఆయన్ని ప్రాక్టీసు చేయనివ్వలేదు. 1863లో గవర్నర్ డగ్లస్ చట్టం తెచ్చాకే దారి దొరికింది. ఈ ప్రాంతం, అంటే కారిబూ గనివాళ్ల కేసులు వాదించి, వాళ్ల ప్రతినిధి అయ్యాడు. బ్రిటిష్ కొలంబియాకి రెండుసార్లు ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యాడు. ఇస్తామన్న రైలు మార్గం కోసం ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వంతో గట్టిగా పోట్లాడాడు. 1882లో బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు జడ్జిగా, అదే బెగ్బీ పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు గుమ్మం దగ్గరే ఆపిన మనిషి పక్కన!

అయితే ఆయన్ని పూర్తిగా మెచ్చుకోలేను. ఇక్కడి చైనాటౌన్‌లో చీ కుంగ్ టోంగ్ అనే చైనీయుల సంఘం భవనం ముందు నిలబడితే 1878 గుర్తొస్తుంది. 12 ఏళ్లు దాటిన ప్రతి చైనీయుడూ మూడు నెలలకోసారి 10 డాలర్లు కట్టాలని వాకెమ్ ప్రభుత్వం చట్టం చేసింది. జస్టిస్ గ్రే దాన్ని ఆ ఏడాదే కొట్టేశాడు. తర్వాత వాకెమ్‌కి ఆ గ్రే కూడా తోటి జడ్జే. వలస వచ్చి బతుకుతున్న నాకు ఈ చట్టం గురించి చదువుతుంటే కోపం వచ్చింది, గ్రే మీద గౌరవం పెరిగింది.

సమయం తక్కువుంటే గుర్రబ్బండి సవారీ వదిలేసి చైనాటౌన్ చూడండి. పాత రిచ్‌ఫీల్డ్ కోర్టు హౌస్‌కి ఒకటిన్నర కిలోమీటర్ల పైన నడక, ఎత్తు ఎక్కాలి. పెద్దవాళ్లుంటే నీళ్లు తీసుకుని తాపీగా వెళ్లండి. శాకాహారులకి తిండి ఎంపిక తక్కువ. మేం పులిహోర కట్టుకెళ్లాం, అదే ఆదుకుంది. ఆ కోర్టు హౌస్‌లో ఆనాటి విచారణలు నటించి చూపే ప్రదర్శనలు వేసవిలోనే, కాబట్టి టికెట్ కొనేటప్పుడే వేళలు కనుక్కోండి.