"గవర్నమెంట్ ప్లాన్" అని ఫోన్‌లో ఇన్సూరెన్స్ అమ్మితే కొనకండి: మాకు జరిగింది ఇదీ

అమెరికాలో ఉద్యోగం పోయి హెల్త్ ఇన్సూరెన్స్ వెతుక్కుంటున్న మన వాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరైనా ఫోన్ చేసి ఇది కొత్త గవర్నమెంట్ ప్లాన్ అంటే ఒక్క రోజు ఆగండి. కార్డు నంబరు మాత్రం చెప్పకండి.

2025 అక్టోబరులో నన్ను లేఆఫ్ చేశారు. నెలాఖరుతో కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిపోయింది. ఉద్యోగం పోయినా అదే ఇన్సూరెన్స్ సొంత డబ్బుతో కొనసాగించుకోనిచ్చే కోబ్రా రేటు చూస్తే కళ్లు తిరిగాయి. అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మనమే కట్టాలి, పైన ఇంకో 2 శాతం. సరిగ్గా ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లో ఒబామాకేర్ (2010 నాటి హెల్త్ ఇన్సూరెన్స్ చట్టం) ప్లాన్లకి గవర్నమెంటు ఇచ్చే సబ్సిడీల గొడవ. 2021లో పెంచిన సబ్సిడీలు ఆ డిసెంబరుతో అయిపోతాయి, పొడిగించాలా వద్దా అన్న పంతంతో గవర్నమెంటునే 43 రోజులు మూసేశారు. ఏ టీవీ పెట్టినా అదే. ఆ టెన్షన్‌లో ఏదో సైట్‌లో నా ఫోన్ నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి.

మాట్లాడినతను చాలా మర్యాదగా మాట్లాడాడు. "సబ్సిడీలు పోతున్నాయి కాబట్టి గవర్నమెంటు పబ్లిక్ ఆప్షన్ తెచ్చింది, మీ ఏరియాకి ఈ రోజే ఆఖరు" అన్నాడు. నేను పడిపోయింది ఆ మాటకే. పబ్లిక్ ఆప్షన్, అంటే ప్రైవేటు కంపెనీలకి పోటీగా గవర్నమెంటే నడిపే ఇన్సూరెన్స్, 2009 నుంచీ చెవిన పడుతున్న మాట. అప్పట్లో హౌస్ (దిగువ సభ) పాస్ చేసిన బిల్లులో అది ఉంది. సెనేట్‌లో (ఎగువ సభలో) 60 ఓట్లు కూడాలంటే లీబర్‌మన్ అనే సెనేటర్ ఒప్పుకోవాలి, ఆయన ససేమిరా అన్నాడు, దాన్ని తీసేశారు. 2010 మార్చిలో ఒబామా సంతకం పెట్టిన చట్టంలో అది లేదు. ఆ తర్వాత కూడా దేశమంతటికీ అలాంటిది రాలేదు. వాషింగ్టన్, కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్నాయి గానీ అవి కూడా ప్రైవేటు కంపెనీల చేతే అమ్మిస్తున్నాయి. ఇదంతా నాకు ముందే తెలుసు. ఫ్రెండ్స్ ఇళ్లలో గంటలు గంటలు వాదించినవాణ్ణే. ఫోన్‌లో మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నెలకి 214 డాలర్లు. నాకూ మా ఆవిడకీ కార్డులొచ్చాయి, వాటి మీద పీపీఓ (నచ్చిన డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగే రకం ప్లాన్) అని పెద్ద అక్షరాలు. చూసి మురిసిపోయాం.

ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి మా ఆవిడకి కడుపునొప్పి. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అపెండిసైటిస్ అన్నారు. తెల్లారేసరికి సర్జరీ అయింది, రెండు రాత్రులు హాస్పిటల్లో ఉంది. బిల్లు 41 వేల డాలర్లు. మా "గవర్నమెంట్ ప్లాన్" ఇచ్చింది ఎంతో తెలుసా? ఎమర్జెన్సీకి 150, రోజుకి వెయ్యి చొప్పున రెండు వేలు, సర్జరీకి 500. మొత్తం 2,650. మిగతాదంతా మా నెత్తిన.

అప్పుడు తీసి చదివాను పాలసీ. అది ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ ప్లాన్. బిల్లు ఎంతైనా సరే, ముందే రాసుకున్న మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. అమ్మానాన్నలు వస్తుంటే విజిటర్స్ ఇన్సూరెన్స్ తీసుకుంటాం కదా, అందులో ఫిక్స్‌డ్ బెనిఫిట్ వద్దు, బిల్లును బట్టి ఇచ్చే కాంప్రహెన్సివ్ తీసుకోండి అని అందరికీ చెప్పేది నేనే. అదే సరుకు వేరే పేరుతో నాకే అంటగట్టారు. రెండో పేజీలో సన్నక్షరాల్లో ఉంది కూడా: ఇది మినిమమ్ ఎసెన్షియల్ కవరేజ్ (చట్టం లెక్కలోకి వచ్చే అసలైన ఇన్సూరెన్స్) కాదు అని. నేను కట్టే 214లో కొంత ఏదో అసోసియేషన్ మెంబర్‌షిప్ ఫీజు అని కూడా అప్పుడే తెలిసింది.

ఒబామాకేర్ ప్లాన్ అయితే ఎంత చెడ్డదైనా దానికి ఒక హద్దు ఉంటుంది. 2026లో నెట్‌వర్క్‌లో (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు, హాస్పిటళ్ల దగ్గర) చేయించుకున్న వైద్యానికి ఒక మనిషి జేబులోంచి ఏడాదికి 10,600 డాలర్లకి మించి పోదు. అది తక్కువని అనను, కానీ 38 వేలు కాదుగా.

ఫోన్‌లోనే దొరికిపోవాల్సిన గుర్తు ఒకటుంది, నేనే వదిలేశాను. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఈ మధ్య సర్జరీ ఏమైనా అయిందా అని అతను వరసగా అడిగాడు. అసలైన మార్కెట్‌ప్లేస్ (ఒబామాకేర్ ప్లాన్లు దొరికే గవర్నమెంటు సైట్) ప్లాన్‌కి ఆ ప్రశ్నలు ఉండవు. 2014 నుంచి పాత జబ్బుల పేరుతో కాదనడానికి గానీ రేటు పెంచడానికి గానీ వీల్లేదు. వాళ్లకి కావాల్సింది వయసు, ఊరు, పొగాకు అలవాటు. సబ్సిడీ కావాలంటే ఆదాయం అడుగుతారు. ఇతను నా ఆదాయం ఊసే ఎత్తలేదు.

కాబట్టి హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో మీరే టైప్ చేసి మొదలుపెట్టండి. మీ రాష్ట్రానికి సొంత సైట్ ఉంటే (కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటివి) అక్కడి నుంచే దానికి పంపిస్తుంది. సెర్చ్‌లో పైన కనిపించే యాడ్స్ నొక్కకండి. ఉద్యోగం పోతే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌తో (ఏటా అందరూ ప్లాన్ కొనుక్కునే సీజన్‌తో) సంబంధం లేకుండా 60 రోజుల టైమ్ ఉంటుంది, దాన్నే స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. కోబ్రాకి ఒప్పుకోవడానికి కూడా 60 రోజులు ఉంటుంది, ఆలోగా ఏమైనా అయితే వెనక తేదీ నుంచి ప్రీమియం కట్టి వాడుకోవచ్చు. నాకు ఈ రెండు గడువులూ దాటిపోయాయి. ఈ ఫిక్స్‌డ్ ప్లాన్ మానేస్తే కొత్తగా స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ కూడా రాదు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకున్నాను. కాదట. 2018లోనే ఎఫ్‌టీసీ (వ్యాపార మోసాలను చూసే ఫెడరల్ సంస్థ) ఫ్లోరిడాలో ఇలాంటి అమ్మకాలు చేసిన ఒక కంపెనీని కోర్టుకీడ్చింది. 2024లో 195 మిలియన్ డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. అమ్మేవాళ్లు పేరు మార్చుకుని వస్తూనే ఉన్నారు.

మా రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి కంప్లైంట్ పెట్టాను. హాస్పిటల్ నాన్ ప్రాఫిట్ కాబట్టి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ (కట్టలేనివాళ్లకి బిల్లు తగ్గించే ఏర్పాటు) తప్పకుండా ఉండాలని బిల్లింగ్‌లో ఒకావిడ చెప్పింది, అప్లికేషన్ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. ఆ ప్లాన్ క్యాన్సిల్ చేస్తామని మూడుసార్లు చెప్పి కూడా ఈ నెల మళ్లీ 214 లాగారు. నిన్న బ్యాంకుకి ఫోన్ చేసి కార్డే మార్పించాను.