200 క్వెస్టులు అని చూసి గేమ్ కొనేవాళ్లు జాగ్రత్త

మన బెజవాడ, గుంటూరు సైడ్ ఆర్పీజీలు (ఒక పాత్రగా మారి కథలో తిరిగే గేమ్‌లు) ఆడేవాళ్లందరికీ చెప్తున్నా, పోయిన నెల ఒక ఫ్యాంటసీ గేమ్‌కి 3,499 పెట్టి దెబ్బతిన్నా, మీరు తినకండి. స్టోర్ పేజీలో 200కి పైగా క్వెస్టులు, అంటే గేమ్‌లో మనకిచ్చే పనులు, అని ఇంత పెద్దక్షరాలతో వేశారు, అది చూసే కొన్నా.

మొదటి ఊరు నిజంగా బాగుంది. అక్కడో ముసలావిడ, కొడుకు అడవిలోకెళ్లి రాలేదు, కనీసం వాడి ఉంగరమైనా తెచ్చిపెట్టు బాబూ అని ఏడుస్తుంది, నాకు మనసాగక రాత్రి ఒంటిగంట దాకా వెతికి తెచ్చిచ్చా. ఆవిడ థాంక్స్ వీరుడా, ఇదిగో 50 నాణేలు అంది, అంతే. కొడుకు ఏమయ్యాడని ఒక్క మాట అడగలేదు. మరు నిమిషం అదే గుమ్మంలో నెత్తిమీద కొత్త క్వెస్ట్ ఉందని చూపించే పసుపు గుర్తుతో నించుని పది తోడేళ్లని చంపి రమ్మంది. తర్వాత మూడు ఊళ్లలో అదే ఉంగరం, అదే గొంతు, మొహాలే వేరు. రిఫండ్ అడిగితే ఆరు గంటలు ఆడేశారు, కుదరదన్నారు.

వెతికి తెచ్చే పని ఇవ్వడం తప్పని కాదు నేననేది. 2015లో వచ్చిన విచర్ 3 అనే గేమ్‌లో బ్లడీ బారన్ అనే దొర క్వెస్ట్ కూడా తప్పిపోయిన పెళ్లాన్నీ కూతుర్నీ వెతకడమే కదా. కానీ ఆ బారన్ తాగి పెళ్లాన్ని కొట్టినవాడు, కడుపులోనే పోయిన బిడ్డని పేరు కూడా పెట్టకుండా పాతేస్తే అది దెయ్యమై లేస్తుంది. దాన్ని మనం నరికేయొచ్చు, లేదంటే ఆ తండ్రి చేతే ఎత్తించి, చీకట్లో ఇంటిదాకా మోయించి, అది దార్లో గింజుకుంటుంటే మనం సముదాయిస్తూ, చివరికి గడప కింద పూడ్చి డియా అని పేరు పెట్టించొచ్చు. ఆయన్ని క్షమించాలో వద్దో నాకిప్పటికీ తేలలేదు. పైగా ఇంకెక్కడో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మని వదిలామా లేదా అన్నదాన్ని బట్టి ఆయన బతుకే మారిపోతుంది. గుంటూరు నుంచి బస్సులో మా బావకి ఈ కథ మొదలుపెడితే వారధి దాటాక కూడా అవ్వలేదు. ఈ కొత్త గేమ్ ఎలా ఉందిరా అని మొన్న అడిగాడు, చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

కాబట్టి కొనేముందు ట్రైలర్ కాదు, పది గంటల తర్వాత గేమ్ ఎలా ఉంటుందో వీడియో చూడండి. పూర్తి చేసినవాళ్లని ఒక సైడ్ క్వెస్ట్ (అసలు కథ పక్కన వచ్చే చిన్న పని) కథ చెప్పమనండి, వాళ్లు లూట్ (దొరికే సామాన్లు) గురించి, లెవెల్ గురించే మాట్లాడితే వదిలేయండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొంటే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితేనే మామూలుగా రిఫండ్ ఇస్తారు, అందుకే ఆ రెండు గంటలూ మొదటి ఊళ్లోనే గడిపేయకుండా రెండో ఊరికి పోయి అక్కడ రెండు చిన్న క్వెస్టులు చేసి చూడండి, నేను ఆ పని చేసుంటే నా డబ్బులు నాకొచ్చేవి.