మిర్రరింగా, ఎస్‌ఫ్లోనా, ఎస్‌ఎన్‌ఎంపీనా? ఆఫీసు స్విచ్‌లో ఏది మేలు?

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకుని, ట్రాఫిక్ గమనించుకోగల నెట్‌వర్క్ స్విచ్) అడిగితే, డబ్బా మీద ఈ మూడు పేర్లూ, పక్కనే పరికరాలు పొరుగువాటికి తమ పేరు చెప్పుకునే ఎల్‌ఎల్‌డీపీ కూడా కనిపిస్తాయి. మాదాపూర్‌లో ఒకే అంతస్తులో నలభై సీట్ల ఆఫీసు నడిపేవారికి నాలుగూ ఒకే స్థాయిలో అక్కరకు రావు.

మొదటి ఓటు ఎస్‌ఎన్‌ఎంపీకే, అంటే స్విచ్ లెక్కలను దూరం నుంచి చదివే పద్ధతికే. ఏ పోర్టులో ఎంత డేటా వెళ్లిందో లెక్క చెబుతుంది. ఎవరు, ఎక్కడికి అన్నది చెప్పదు. దాని అసలు విలువ తప్పుల కౌంటర్లలో ఉంది. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతుంటే కేబులో, క్రింపింగో చూసుకోవాలి. బయటికెళ్లే వైపు డిస్కార్డ్‌లు (స్విచ్ పారేసిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు) పెరుగుతుంటే ఆ పోర్టుకు మోయలేని లోడు పడుతోందన్నమాట. ఒక జాగ్రత్త: 32 బిట్ల బైట్ కౌంటర్ 1 జీబీపీఎస్ పూర్తి వేగంలో 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. అయిదు నిమిషాలకోసారి చదివితే గ్రాఫ్ నిజం కంటే చాలా తక్కువ చూపిస్తుంది. 64 బిట్ల కౌంటర్లే చదవండి. అవి ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో రావు, 2సీ గానీ 3 గానీ కావాలి. 2సీ అయితే పాస్‌వర్డ్‌లా పనిచేసే 'పబ్లిక్' అనే కమ్యూనిటీ పేరు ముందు మార్చండి.

మిర్రరింగ్ (ఒక పోర్టు ట్రాఫిక్‌కు నకలు తీసి మరో పోర్టుకు పంపడం) రోజూ వాడే సాధనం కాదు, రోగం ముదిరాక తీసే ఎక్స్‌రే. ఇంటర్నెట్ వచ్చే పోర్టును సోర్స్‌గా, ఖాళీ పోర్టును డెస్టినేషన్‌గా పెట్టి, అక్కడ ల్యాప్‌టాప్ తగిలించి ప్యాకెట్లు చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్యాకెట్లు పూర్తిగా కనిపిస్తాయి. చాలా స్విచ్‌లలో ఆ పోర్టుకు మామూలు నెట్ ఆగిపోతుంది, కాబట్టి ల్యాప్‌టాప్‌ను వైఫైలో ఉంచుకోండి. ఎక్కువమంది బోల్తాపడేది మరో చోట. 1 జీబీపీఎస్ పోర్టులో రానూపోనూ కలిపితే 2 జీబీపీఎస్ దాకా ఉండొచ్చు, డెస్టినేషన్‌లో పట్టేది 1 జీబీపీఎస్ మాత్రమే. మిగిలిన ప్యాకెట్లను స్విచ్ చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, మీరేమో నెట్‌లోనే ప్యాకెట్లు పోతున్నాయనుకుంటారు. ట్రాఫిక్ బాగా ఉన్నప్పుడు ఒక దిశే ఎంచుకోండి. సీఆర్‌సీ తప్పిన ఫ్రేములు సాధారణంగా మిర్రర్‌కు రావు, అందుకే కేబుల్ లోపం దీంతో దొరకదు.

ఎస్‌ఫ్లో ప్రతి ప్యాకెట్‌నూ చూడదు. ఉదాహరణకు వెయ్యికి ఒకటి చొప్పున పట్టి, దాని మొదటి భాగాన్ని యూడీపీ పోర్టు నంబర్ 6343 మీద కలెక్టర్‌కు (ఈ శాంపిళ్లను పోగుచేసే సాఫ్ట్‌వేర్‌కు) పంపుతుంది. ఒక రకం ట్రాఫిక్‌కు వంద శాంపిళ్లే ఉంటే అంచనా 20 శాతం దాకా తప్పొచ్చు, పదివేలుంటే 2 శాతం. బ్యాండ్‌విడ్త్ మింగేవాడిని పట్టడానికి భేష్, క్షణంపాటు వచ్చిపోయే చిన్న ట్రాఫిక్‌ను పట్టడానికి దండగ. కెమెరా నుంచి ఎన్‌వీఆర్‌కు (వీడియో రికార్డర్‌కు) వెళ్లే వీడియో ఒకే స్విచ్‌లో తిరిగితే ఇంటర్నెట్ దారిలో ఉండే ఫైర్‌వాల్‌కు కనిపించదు. అలాంటి ట్రాఫిక్ నిండా ఉండి, స్విచ్‌లు మూడు నాలుగు దాటితే అప్పుడు దీనికి డబ్బు పెట్టండి. నెట్‌ఫ్లో (ఎవరి నుంచి ఎవరికి ఎంత డేటా వెళ్లిందన్న లెక్క) కావాలంటే రౌటర్‌లోనో, ఫైర్‌వాల్‌లోనో చూసుకోవచ్చు, స్విచ్‌లో దానికోసం ఖర్చు అక్కర్లేదు.

ఏ పోర్టుకు ఏది తగిలి ఉందో తెలియడానికి ఎల్‌ఎల్‌డీపీ, సీడీపీలలో మొదటిదే మేలు. ఇది ఐఈఈఈ 802.1ఏబీ ప్రమాణం, ఏ కంపెనీ పరికరమైనా మాట్లాడొచ్చు, సీడీపీ సిస్కోది. మామూలు సెట్టింగ్‌లో ఎల్‌ఎల్‌డీపీ 30 సెకన్లకోసారి పలుకుతుంది, 120 సెకన్లు గుర్తుంచుకుంటుంది; సీడీపీకి ఇవి 60, 180. అందుకే తీగ పీకిన కాసేపటిదాకా జాబితాలో పాత పరికరం దయ్యంలా ఉంటుంది, కంగారుపడొద్దు. ఒకే పోర్టులో ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు కనిపిస్తే, టేబుల్ కింద ఎవరో చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్ పెట్టి ఉండొచ్చు. ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేములు స్విచ్‌ను దాటకూడదు, కానీ చవక రకాలు కొన్ని దాటించేస్తాయి.

కెమెరాలు, ప్రింటర్లు చాలావరకు నోరు విప్పవు. వాటికి మ్యాక్ టేబులే (ఏ పరికరం ఏ పోర్టులో ఉందో స్విచ్ రాసుకునే పట్టికే) గతి. అందులోనూ మామూలు సెట్టింగ్‌లో 300 సెకన్లు కదలిక లేకపోతే పేరు చెరిగిపోతుంది, కాబట్టి ముందు పింగ్ కొట్టి ఆ తర్వాత చూడండి. ఐపీ ఫోన్ల పోర్టుల్లో ఎల్‌ఎల్‌డీపీ ఆపొద్దు, వాయిస్ వీల్యాన్ (ఫోన్ మాటలకు వేరుచేసిన నెట్‌వర్క్) వాటికి చాలాసార్లు దానితోనే అందుతుంది. రిసెప్షన్ గోడ సాకెట్‌లో, ఇంటర్నెట్ కంపెనీ వైపు పోర్టులో మాత్రం ఆపేయండి; స్విచ్ మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, మేనేజ్‌మెంట్ ఐపీ అన్నీ అడగకుండానే అది చెప్పేస్తుంది.