కానరీ దీవుల్లో కైట్: సొతవెంతోనా, ఫ్లాగ్ బీచా, ఎల్ మెదానోనా?

"అన్నా, ఫుయెర్తెవెంతూరా పోవాల్నా, తెనెరీఫె పోవాల్నా?" డబ్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న అనంతపురం, కడప పిల్లోళ్లు ఏప్రిల్ వచ్చిందంటే ఇదే అడుగుతారు. కైట్ అంటే కాళ్ల కింద బోర్డు పెట్టుకొని, పెద్ద గాలిపటం లాగుతుంటే నీళ్ల మీద జారే ఆట. ఆ రెండూ అట్లాంటిక్‌లో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులు. అడిగే ముందే ఏ దీవిలో నెలకు ఎన్ని రోజులు గాలి, ఎన్ని నాట్లు (గాలి వేగపు కొలత), విమానం టికెట్ ఎంత అన్నీ చూసుకొని ఉంటారు. ఆ లెక్కలతో తేలేది తక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈశాన్య వ్యాపార పవనం ఈ దీవులన్నిటినీ కొడుతూనే ఉంటుంది, గాలికి కరువు లేదు. నన్నడిగితే చూడాల్సినవి రెండే. గాలి ఆ బీచికి చేరేముందు దేన్ని దాటి వస్తోంది? కైట్‌ను పట్టి ఉంచే లైన్ (తాడు) తెగితే మనిషిని ఎటు తోస్తుంది?

రామగిరి కొండల మీద గాలిమరలు నెత్తినే ఎందుకు నిలబెట్టినారో మనోళ్లకు చెప్పే పని లేదు. వాలెక్కి వచ్చే గాలి కొండ నెత్తిన ఇరుకై పరుగెత్తుతుంది. కొండ దాటినాక దిగువన అదే గాలి సుడులు తిరుగుతుంది, కాసేపు కొడుతుంది, కాసేపు పడుకుంటుంది. కల్లంలో తూర్పారబట్టేవాళ్లు కూడా చింతచెట్టు చాటున చేట ఎత్తరు. కానరీలో స్పాట్ ఎంచుకోవడానికి కూడా ఇదే తెలివి కావాలి.

తెనెరీఫెలో తెయిదె శిఖరం 3,715 మీటర్లు. గ్రాన్ కనారియా నడిబొడ్డు కూడా 1,900 దాటుతుంది. వ్యాపార పవనమేమో సముద్రం మీద కిలోమీటరు, కిలోమీటరున్నర మందాన పారే చల్లని పొర. దాని మీద వెచ్చని పొడిగాలి మూత పెట్టినట్టు కూచుంటుంది. ఆ మూతను పొడుచుకొని ఇంతెత్తు కొండ ఎక్కలేక గాలి దీవికి అటూ ఇటూ చీలి పోతుంది, మూలల్లో వేగం పుంజుకుంటుంది. ఎల్ మెదానో తెనెరీఫెకు ఆగ్నేయపు మూలన ఉండటానికీ, పోసో ఇస్కియెర్దో గ్రాన్ కనారియాకు ఆగ్నేయపు మూలన ఉండటానికీ కారణం ఇదే. అవే దీవుల నైరుతి ఒడ్డున, గాలి చాటున, టూరిస్టులు గొడుగు కూడా గట్టిగా పాతకుండా పడుకుంటారు. ఫుయెర్తెవెంతూరా, లాంజరోతె పాత దీవులు, అరిగి అణిగినవి. మొదటిదాంట్లో ఎత్తైన శిఖరం 807 మీటర్లు, రెండోదాంట్లో 671. వీటిని గాలి నేరుగా దాటేస్తుంది, కాబట్టి ఈ రెంటిలో గాలి రొంత సాఫీ. అదైనా దీవంతటా ఒక్కతీరుగా ఉండదు.

విసుర్ల (గాలి ఉన్నట్టుండి ఎగసి కొట్టడం) సంగతి ఎందుకింత పట్టించుకోవాలంటే, కైట్ లాగే బలం గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 నాట్ల గాలి 30కి ఎగిసిందంటే లాగుడు రెండుంబావు రెట్లవుతుంది. 20కని కట్టిన 9 మీటర్ల (అంటే 9 చదరపు మీటర్ల) కైట్ ఆ క్షణాన దున్నపోతయి కూచుంటుంది. 23 నాట్లు నిలకడగా వీచే బీచి కన్నా 18 నుంచి 28 మధ్య ఊగే బీచి కష్టం. సగటు గాలి పట్టికలో రెండూ ఒకేలా కనబడతాయి.

ఇక సొతవెంతో. స్పానిష్‌లో ఆ మాటకు అర్థమే గాలి వాలు వైపు, అంటే గాలి పోయే దిక్కు, అని. ఫుయెర్తెవెంతూరా దక్షిణాన దీవి నడుము సన్నబడి, ఎత్తు తగ్గి, ఇసుకనేలగా మారుతుంది. గాలి ఆ సందులో దూరి, అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి దాటి, సొతవెంతో దగ్గర నేల మీది నుంచి సముద్రంలోకి దిగుతుంది. జులైలో 30 నాట్లు కొత్తేమీ కాదు. ప్రపంచ స్థాయి పోటీలు ఇక్కడ ఎండాకాలంలో పెట్టేది అందుకే. నీళ్లు చదునుగా ఉంటాయి. ఒడ్డుకు సమాంతరంగా పొడుగాటి ఇసుకతిన్నె ఉంటుంది, పోటు వచ్చినప్పుడు తిన్నెకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు నిండి మడుగు ఏర్పడుతుంది. లోతు మోకాటి నుంచి నడుము దాకా. గాలి మనిషిని తోసినా ఆ తిన్నె మీదికే తోస్తుంది. పడితే లేచి నిలబడటమే. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు ఈ దీవుల్లో లేదు.

అయితే ఆ మడుగు రోజూ ఉండదు. బుకింగ్ చేసినాక తెలుసుకొని తలపట్టుకునేది ఇక్కడే. బయల్దేరే ముందు వాతావరణం యాప్ కన్నా పంచాంగం తెరవండి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, మడుగు నిండుతుంది. సప్తమి, అష్టమి దాటినాక వచ్చే పోటు నీరసం, తిన్నె లోపల తడి ఇసుక మాత్రమే మిగిలే రోజులుంటాయి. ఈ దీవుల్లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెద్ద పోటు మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య వస్తుంది, ఆ తర్వాత రోజుకు ముప్పావుగంట పైచిలుకు ఆలస్యమవుతూ పోతుంది. మడుగులో ఆడుకునేది పోటుకు అటూ ఇటూ రెండేసి గంటలే. వారం సెలవు పెట్టేవాళ్లు అమావాస్యనో పౌర్ణమినో మధ్యలో ఉండేలా తేదీలు పెట్టుకుంటే నాలుగైదు రోజులు దక్కుతాయి. అష్టమి నడుమ పడితే డబ్బులు ఇసుకలో పోసినట్టే.

తిన్నె దాటి బయటికి పోయినాక సొతవెంతో ఇంకో ఊరు. గాలి నేల మీది నుంచి ఏటవాలుగా సముద్రంలోకి తోస్తుంది, తోసిన దిక్కున అట్లాంటిక్ తప్ప ఏమీ లేదు. కైట్ కూలి మళ్లీ లేవకపోతే అందరికీ నేర్పే పద్ధతి ఒకటుంది. రిలీజ్ (కైట్‌ను విడిచే మీట) నొక్కి కైట్‌ను లీష్ (ఒంటికి కట్టిన భద్రతా తాడు) మీద ఒక్క లైన్‌కు వదిలేయాలి. ముందు ఆ ఒక్క లైన్‌నే నాలుగైదు మీటర్లు బార్‌కు (చేత పట్టే కడ్డీకి) చుట్టి, కైట్ లాగడం పూర్తిగా మానినాక మిగతా లైన్లన్నీ కలిపి చుట్టాలి. చివర ఒక ముడి వేసి బిగించాలి. చేతికి మాత్రం ఒక్క చుట్టు కూడా పడకూడదు, గాలి మళ్లీ పట్టిందంటే వేళ్లు తెగుతాయి. చుట్టుకుంటూ కైట్‌ను చేరి, రెండు రెక్కల కొసలు పట్టి తెరచాపలా వంచితే గాలి తనే లాక్కొని పోతుంది. ఒడ్డుకు తోసే గాలిలో ఇది ప్రాణం కాపాడుతుంది. సముద్రంలోకి తోసే గాలిలో ఇదే పని మనల్ని ఇంకా దూరం తీసుకుపోతుంది. ఇంత జాగ్రత్తగా చుట్టడానికి పది నిమిషాలు పట్టిందనుకుంటే, ఆ పది నిమిషాలూ ఒడ్డు వెనక్కి జరుగుతూనే ఉంటుంది. అందుకని సొతవెంతోలో తిన్నె బయట దిగాలంటే రెస్క్యూ బోటు ఉన్న కేంద్రం ద్వారానే దిగాలి, ఆ బోటు ఆరోజు నీళ్లలో ఉందో లేదో ముందే అడగాలి. గాలికి ఎదురెక్కి బయల్దేరిన చోటికే తిరిగి రాలేనివాళ్లు అసలు తిన్నె దాటొద్దు.

అదే దీవి ఉత్తరాన, కొరలేహో పక్కన, ఫ్లాగ్ బీచ్. ఇక్కడ ఈశాన్యపు గాలి సముద్రం మీది నుంచి నేరుగా వస్తుంది, దారిలో కొండ లేదు. ఒడ్డుకు పక్కగా, రొంత ఒడ్డు వైపుకు వాలి వీస్తుంది. పైన చెప్పిన పద్ధతి ఇక్కడ పుస్తకంలో రాసినట్టే పనిచేస్తుంది, ఏం విరిగినా దిగువన ఇసుక మీదికి కొట్టుకొస్తాం. సొతవెంతోతో పోలిస్తే సగటున మూడు నాలుగు నాట్లు తక్కువే అనుకోండి, కానీ వచ్చేది నిలకడగా వస్తుంది. వెనక ఇసుకదిబ్బలు, ఎదురుగా లోబోస్ దీవి. అలలు చిన్నవి, గతుకుల రోడ్డులా ఉంటాయి. చదును నీళ్లకు అలవాటుపడినవాళ్లకు మొదటి పూట మోకాళ్లు పట్టేస్తాయి.

ఫ్లాగ్ బీచ్‌కు ఉన్న తంటా లావా రాయి. ఇసుక మధ్య నల్లటి బల్లపరుపు రాళ్లు, పోటు మీదున్నప్పుడు కనబడవు. ఆటు సమయంలో ఒకసారి ఒడ్డంతా నడిచి, ఏ హోటల్‌కు ఎదురుగా ఏ రాయి ఉందో గుర్తు పెట్టుకొని, అప్పుడు దిగండి. లావా రాయి అరిగిన గులకరాయి లాంటిది కాదు, రంపం. గాలి నింపిన కైట్ ముందు గొట్టం దాని మీద ఒక్క గజం ఈడ్చుకుపోయినా బయటి బట్టతో పాటు లోపలి బ్లాడర్ (గాలి తిత్తి) కూడా చీలుతుంది. కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి, రాళ్ల సందుల్లో సముద్రపు ముళ్లకాయలుంటాయి. ఈ చోటు ప్రకృతి పార్కులో భాగం కాబట్టి కైట్‌కు కేటాయించిన మేర బోర్డుల మీద చూసుకొని దిగాలి.

బోర్డు మీద నిలబడగలిగి, ఇంకా ఎదురెక్కడం పూర్తిగా రానివాళ్లకు నా ఓటు ఫ్లాగ్ బీచ్‌కే. అడిగేవాళ్లలో నూటికి తొంభై మంది ఈ మెట్టు మీదే ఉంటారు. సొతవెంతో ఫొటోలు చూసి మనసు అటు లాగుతుంది, అది వేరే సంగతి.

ఎల్ మెదానోకు ఎందుకింత పేరంటే సౌకర్యం. తెనెరీఫె దక్షిణ విమానాశ్రయం పది కిలోమీటర్ల లోపే, ఊరు బీచికి ఆనుకొనే ఉంటుంది, కారు అక్కర్లేదు. రూము, దుకాణం, బాగుచేసే షాపు అన్నీ నడిచే దూరం. భార్యాపిల్లలతో పోయేవాళ్లకు ఇదే సుఖం, గాలి లేని రోజు తెయిదె చూసి రావచ్చు. గాలి మాత్రం మూల తిరిగి వచ్చే గాలి, విసుర్లెక్కువ. ఒడ్డు దగ్గర ఇళ్లను దాటి వచ్చేసరికి ఇంకా తెగి తెగి వీస్తుంది. కైట్ లేపేది ఆ తెగిన గాలిలోనే, ప్రమాదాలు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. గాలి వాలున ఎర్రకొండ, 171 మీటర్ల అగ్నిపర్వతపు దిబ్బ, దాని పాదాన రాళ్లు. ఎదురెక్కడం రానివాళ్లు ప్రతి సారీ ఆ రాళ్ల వైపుకే జారుతుంటారు. చేయి తిరిగినవాళ్లకు మంచి స్పాటే, కాదనను. మొదటి కానరీ యాత్రకు మాత్రం వద్దు.

లాంజరోతెలో ఫమారా అలల బీచి. పక్కన 600 మీటర్లు దాటిన కొండగోడ. గాలి ఉత్తరం నుంచి ఉన్నంతసేపు బాగుంటుంది, తూర్పుకు తిరిగిందంటే ఆ గోడ మీది నుంచి దొర్లి పడుతుంది. సముద్రంలోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. కొరలేహో నుంచి అరగంట ఫెర్రీ, పగలు పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పోసో ఇస్కియెర్దో నిపుణులకు, అందులోనూ విండ్‌సర్ఫింగ్ వాళ్లకు: గుండ్రాళ్ల ఒడ్డు, జులైలో 35 నాట్లు మామూలు. లా పాల్మా, గొమేరా, ఎల్ యెర్రో కైట్ కోసం కాదు, నిటారు ఒడ్డులు. నడకకు పోండి.

నెలల విషయానికి వస్తే, నేర్చుకునేవాళ్లకు జులై కన్నా మే, సెప్టెంబరు మేలు. గాలి 15 నుంచి 22 మధ్య దొరికే రోజులెక్కువ, సెప్టెంబరులో నీళ్లు కూడా 22, 23 డిగ్రీల దాకా వెచ్చబడతాయి. చలికాలంలో 18, 19కి దిగుతాయి, అప్పుడు 4/3 మిల్లీమీటర్ల మందం రబ్బరు సూట్ కావాలి, ఎండాకాలంలో 3/2 చాలు. 70, 75 కిలోల మనిషికి 9 మీటర్ల కైట్ ముఖ్యం. సొతవెంతో, ఎల్ మెదానోలకు తోడుగా 7, ఫ్లాగ్ బీచ్‌కు తోడుగా 12. యాప్‌లో ముతక మోడల్ (పెద్ద పెద్ద గళ్లతో వేసే గాలి అంచనా) చూసి కైట్ కట్టొద్దు, వాటికి ఈ దీవుల కొండలూ సందులూ సరిగా కనబడవు కాబట్టి మూలల దగ్గర తక్కువ చూపిస్తాయి. దగ్గర్లో ఉన్న గాలి కొలిచే స్టేషన్ అంకె చూడాలి, సగటు ఒక్కటే కాదు, విసురు అంకె కూడా. సహారా నుంచి దుమ్ముతో వేడిగాలి, కలీమా, వచ్చిన రోజు ఆకాశం పసుపురంగుకు తిరిగి వ్యాపార పవనం చాలాసార్లు ఆగిపోతుంది. ఆ రోజు బ్లాడర్లకు పంచర్లు వేసుకోవడానికి.

ఫుయెర్తెవెంతూరాలో కారు తప్పదు. విమానాశ్రయం నుంచి కొరలేహో 40 కిలోమీటర్ల లోపే, సొతవెంతో సుమారు 70. భారత లైసెన్సుతో నడపాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, అది మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. సెలవుకు ఊరొచ్చినప్పుడే తీసుకోండి, అక్కడికి పోయినాక వెతుక్కోవద్దు. అసలు ఓనమాల కోసమే అయితే అంతదూరం అక్కర్లేదు, రామేశ్వరం దగ్గర పాంబన్ పక్కన చదును నీళ్లలో నేర్పేవాళ్లున్నారు.

ఆ మాటంటే వెంటనే అడుగుతారు, గండికోట రిజర్వాయర్లో ఎందుకు కుదరదని. నీళ్లున్నాయి, ఆషాఢంలో గాలీ ఉంది, నిజమే. కానీ ఆ గాలి లోయకు అడ్డంగా వచ్చిందంటే ఒక రాతిగోడ దాటి లోయలోకి పడాల్సిందే, సుడులు తిరగాల్సిందే. సొతవెంతోలో గాలి తోస్తే ఇసుకతిన్నె పట్టుకుంటుంది, ఇక్కడ అవతల ఉండేదీ గోడే.