అజిలెంట్ 1260 ఫ్రాక్షన్ కలెక్టర్: లోపలి డిలే సెన్సర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఫ్రాక్షన్ కలెక్టర్ అంటే HPLCలో (మిశ్రమాన్ని కాలమ్ అనే గొట్టంలో విడదీసే యంత్రం) విడిపోయి వచ్చిన పదార్థాల్ని వేర్వేరు ట్యూబుల్లోకి పట్టే భాగం. స్క్రీన్ మీద పీక్ (పదార్థం డిటెక్టర్ దాటేటప్పుడు సిగ్నల్‌లో లేచే గుట్ట) చక్కగా ఉండి, ట్యూబులో మాత్రం సరుకు సగమే దొరికితే ముందు అనుమానించాల్సింది కాలమ్‌ని కాదు, డిలేని. డిటెక్టర్ సెల్ దాటిన ద్రవం డైవర్టర్ వాల్వ్ (ద్రవాన్ని ట్యూబులోకో వేస్ట్‌లోకో మళ్లించేది) చేరడానికి పట్టే సమయం అది. ఈ కలెక్టర్‌లో దాన్ని కొలిచే సెన్సర్ లోపలే ఉంది. ఇంప్యూరిటీలు విడదీసే ల్యాబ్‌కి దీన్ని కొనడానికి ఆ ఒక్క కారణం చాలు.

కాలమ్ తీసి, దాని చోట కాస్త బ్యాక్ ప్రెషర్ ఇచ్చే కేపిలరీ (సన్నటి గొట్టం) బిగించి, కంపెనీ అమ్మే క్యాలిబ్రెంట్ (డిలే కొలవడానికి వాడే ద్రావణం) ఇంజెక్ట్ చేయాలి. డిటెక్టర్ పీక్‌కీ సెన్సర్ పీక్‌కీ మధ్య తేడాని సిస్టమ్ వాల్యూమ్‌గా దాచుకుంటుంది, సెకన్లుగా కాదు. కాబట్టి ఫ్లో మార్చినప్పుడల్లా మళ్లీ క్యాలిబ్రేట్ చేసే బాధ లేదు.

ట్యూబింగ్ మారిస్తే మాత్రం తప్పదు. లోపలి వ్యాసం 0.25 మి.మీ. ఉన్న ట్యూబ్ 60 సెం.మీ.లో పట్టేది 29 మైక్రోలీటర్లు. నిమిషానికి 1 మి.లీ. ఫ్లోలో 1.8 సెకన్లు. అదే పొడవున 0.5 మి.మీ.ది పెడితే 118 మైక్రోలీటర్లు, 7 సెకన్లు. పాత విలువే వదిలేస్తే వాల్వ్ 5 సెకన్లు ముందే తెరుచుకుని, ముందే మూసుకుంటుంది. 10 సెకన్ల పీక్‌లో వెనక సగం నేరుగా వేస్ట్ బాటిల్‌లోకి పోతుంది. అందుకే అనుమానం వస్తే వేస్ట్‌ని కూడా ఇంజెక్ట్ చేసి చూడాలి. చాలామంది ఫ్రాక్షన్ ఒక్కటే చూస్తారు.

డిటెక్టర్ రెస్పాన్స్ టైమ్ (సిగ్నల్ మార్పుని డిటెక్టర్ చూపించడానికి తీసుకునే సమయం) సంగతి వేరు. సన్నటి పీక్‌కి అది ఎక్కువ పెడితే సిగ్నలే ఆలస్యంగా లేస్తుంది, ట్రిగ్గర్ కూడా దానితోపాటే. మాస్ స్పెక్‌తో (అణువుల బరువు చూసే డిటెక్టర్) ట్రిగ్గర్ చేసేవాళ్లు స్ప్లిటర్ (ఫ్లోని రెండుగా చీల్చేది) తర్వాతి దారికి డిలే విడిగా చూసుకోవాలి. మేకప్ ఫ్లో (మాస్ స్పెక్ వైపు అదనంగా కలిపే ద్రవం) మార్చితే అదీ మారుతుంది.

సెన్సర్ లేని కలెక్టర్ అయితే కెఫీన్ చాలు. 273 నానోమీటర్ల దగ్గర పీక్ కొన సమయం రాసుకుని, 3 సెకన్లకో ట్యూబ్ చొప్పున పట్టి, ఒక్కోదాని అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో) చదవాలి. గాఢంగా ఉన్న ట్యూబ్ సమయంలోంచి పీక్ సమయం తీసేస్తే వచ్చేది సూది కొన వరకు డిలే. వాల్వ్ నుంచి సూది దాకా ఉన్న ట్యూబ్ దాటడానికి పట్టే సమయం అందులోంచి తీసేశాకే వాల్వ్ డిలేగా వేసుకోవాలి.