బల్లమీది పాటలకు చిన్న యాంప్లిఫయర్

ఒంగోలులోని మా ఇంట్లో ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోవడానికి టీపీఏ3116 చిప్ ఉన్న క్లాస్ డి యాంప్లిఫయర్ తీసుకున్నాను. మే నెల ఎండల్లో గంటల తరబడి మోగినా ఈ చిన్న పెట్టె గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ డి పద్ధతిలో విద్యుత్తులో అధికభాగం వేడిగా వృథా కాకుండా స్పీకర్లకే చేరుతుంది.

డబ్బా మీది 50 వాట్ల అంకెను చూసి మాత్రం కొనవద్దు. అది 4 ఓంల నిరోధం ఉన్న స్పీకర్లకు, 21 వోల్టుల సరఫరాకు చెప్పిన లెక్క. 12 వోల్టుల అడాప్టరుతో 8 ఓంల స్పీకర్లకు ఒక్కో వైపు స్వచ్ఛంగా అందేది 9 వాట్లకు మించదు. వోల్టేజి రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కనుక దుకాణంలో ముందుగా అడాప్టరు సంగతే అడగాలి. అయినా ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెళ్లిచ్చే స్పీకరు 10 వాట్లకే 96 డెసిబెళ్లు పలుకుతుంది. బల్ల ముందు కూర్చుని వినేవారికి అది చాలా ఎక్కువ.

అసలు చిక్కు ల్యాప్‌టాప్ వైపు నుంచి వచ్చింది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీగ కలిపితే, ఛార్జరు పెట్టగానే సన్నని రొద మొదలయ్యేది. దాని బదులు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని ధ్వని సంకేతంగా మార్చే పెట్టె) పెట్టి, వెలుగు ద్వారా సంకేతం పంపగా, విద్యుత్ బంధం తెగి ఆ రొద పూర్తిగా పోయింది. ఇప్పుడు మన నెల్లూరు జిల్లా బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చరణం ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి కూడా స్పష్టంగా వినిపిస్తోంది, అది నాకెంతో ఆనందం.

యాంప్లిఫయర్ వెనుక స్పీకరు తీగలు బిగించే మరలు మరీ దగ్గరగా ఉన్నాయి. విడి పోగులు ఒకదానికొకటి తగలకుండా తీగ కొనలకు బిగించే బనానా ప్లగ్గులు వాడాలి.