ల్వార్ ఏటిగట్టు మీద ఎనిమిది రోజులు

ఫ్రాన్స్ వెళ్లి సైకిల్ తొక్కొచ్చాం అనగానే మా చుట్టాలందరూ అడిగింది ఒకటే: “ఏం, అక్కడ కార్లు దొరకలేదా?” దొరుకుతాయి. కానీ మా అబ్బాయి పారిస్‌లో చదువుతుండగా రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ క్యూల్లో నిలబడే సెలవులు అయిపోయాయి. ఈసారి ఊళ్లు చూద్దాం అన్నాను. మా ఆయనకి 61, నాకు 56. మేం రోజూ సైకిల్ తొక్కింది రాజమండ్రిలో కాలేజీ చదివినప్పుడు. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ సెల్లార్లో మూలనపడ్డ సైకిళ్లని చూడటమే తప్ప ఎక్కింది లేదు. వెళ్లేముందు రెండు నెలలు పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచాం, అంతే ప్రాక్టీసు.

నది పేరు రాయడం లోయిర్, పలకడం ల్వార్. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పొడవైన నది, సుమారు వెయ్యి కిలోమీటర్లు. దాని వెంబడి అట్లాంటిక్ సముద్రం దాకా 900 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. మేం తొక్కింది అందులో చిన్న ముక్క: బ్లువా నుంచి సోమూర్ దాకా, పక్కదారులతో కలిపి 250 కిలోమీటర్లు, ఎనిమిది రోజుల్లో. గట్టిగా తొక్కేవాళ్లకి ఇది రెండు రోజుల పని. వాళ్లని చూసి మనం సిగ్గుపడక్కర్లేదు, రోజుకి పదిమంది మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయేవారు, వెళ్తూ ‘బోంజూర్’ అనేవారు.

గోదావరి వాళ్లకి ఈ నది కొత్తగా అనిపించదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఇసక తిన్నెలు పైకి తేలతాయి, మధ్యలో చెట్లతో లంకలు, ఒడ్డున లాగి కట్టిన అడుగు చదునుగా ఉండే పడవలు. రెండు పక్కలా వరద ఆపడానికి పోసిన ఏటిగట్టు. దారి చాలా చోట్ల ఆ గట్టు మీదో, గట్టు కిందో పోతుంది. అంటే ఎక్కుడు దిగుడు దాదాపు ఉండదు. మోకాళ్ల గురించి బెంగపడేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి దొరకదు. ఒక్క చిక్కు మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. గాలి ఎక్కువగా పడమటి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వీస్తుంది. మేం వెళ్లేదీ అటే. కొన్ని మధ్యాహ్నాలు చదును దారి కూడా ఘాట్ రోడ్డులా అనిపించింది. మళ్లీ వెళ్తే సోమూర్‌లో మొదలుపెట్టి గాలి వాలున తూర్పుకి వస్తాను.

సైకిళ్లు బ్లువాలో అద్దెకి తీసుకున్నాం. ఈ దారి మీద ఉన్న సౌకర్యాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగించేయొచ్చు. తాళం, పంపు, పంక్చర్ సామాను, వెనక రెండు సంచులు వాళ్లే ఇచ్చారు. మా ఆయన బ్యాటరీ సైకిల్ తీసుకున్నాడు, నేను మామూలుది. మామూలు సైకిల్ అద్దెకి రెట్టింపు అయింది ఆయనది. బ్యాటరీ అంటే స్కూటర్ అనుకునేరు, తొక్కితేనే సాయం చేస్తుంది, అదీ గంటకి 25 కిలోమీటర్ల వేగం దాకానే. ఎదురుగాలి రోజుల్లో ఆయన ఈల వేసుకుంటూ ముందు పోతుంటే నాకు ఒళ్లు మండేది. డబ్బు చూసుకోకుండా ఇద్దరూ బ్యాటరీవే తీసుకోండి, కాపురాలకి మంచిది.

పెద్ద పెట్టెలు ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి చేరవేసే సర్వీసులు ఉన్నాయి. మేం ఒకళ్లతో మాట్లాడుకున్నాం. ఆరు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఒక రోజు మాత్రం పెట్టె రాత్రి ఎనిమిదికి చేరింది, అప్పటిదాకా చెమట బట్టలతోనే కూర్చున్నాం. ఒక జత బట్టలు, మందులు, పాస్‌పోర్టు సైకిల్ సంచిలోనే పెట్టుకోండి.

మొదటి రోజు షాంబోర్. 1519లో ఫ్రాన్సిస్ 1 అనే రాజు మొదలుపెట్టిన కోట, చుట్టూ 32 కిలోమీటర్ల ప్రహరీ ఉన్న అడవి. లోపల జంట మెట్లు ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి పోతాయి. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగొచ్చు, కిటికీల్లోంచి కనిపిస్తారు కానీ ఎదురుపడరు. ఇంత కట్టించిన రాజు అందులో ఉన్నది మొత్తం కలిపి కొన్ని వారాలేనట. లోపల తిరిగితే ఎందుకో అర్థమవుతుంది. అది ఇల్లు కాదు, డాబు. అడవిలో సైకిల్ మీద వస్తుంటే చెట్ల చివర ఆ గోపురాలు ఒక్కసారి బయటపడతాయే, టికెట్ డబ్బులన్నీ నాకు అక్కడే గిట్టాయి. లోపలికి పోకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. మా ఆయన ఒప్పుకోడు.

బ్లువా నుంచి అంబ్వాజ్‌కి 40 కిలోమీటర్లు, మా ప్రయాణంలో అన్నిటికన్నా పొడవైన రోజుల్లో ఒకటి. దారిలో షోమోన్ కోట దగ్గర 1992 నుంచి ఏటా తోటల పండగ జరుగుతోంది. కోట గుట్ట మీద ఉంది, సైకిల్ తోసుకుంటూ ఎక్కాం. అంబ్వాజ్‌లో లియోనార్డో డావిన్సీ చివరి మూడేళ్లు ఉన్న ఇల్లు ఉంది. 1516లో మోనాలిసా బొమ్మ వెంటపెట్టుకుని ఇటలీ నుంచి వచ్చాడు, 1519 మే 2న ఇక్కడే పోయాడు. ఇల్లు బాగుంది, తోట ఇంకా బాగుంది, కానీ జనం. స్కూలు పిల్లల బస్సులు వరసగా దిగుతుంటే నిలబడి ఏదీ చూడలేకపోయాం. మధ్యాహ్నం నాలుగు దాటాక వెళ్లాల్సింది.

కోటల్లో ఒక్కటే చూడాలంటే షెనోన్సో చూడండి. షేర్ నది మీద వంతెనలా కట్టిన కోట. నది మీదుగా సాగే పొడుగు హాలు మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఆసుపత్రి అయింది. రెండో యుద్ధంలో ఆ నదే సరిహద్దు: ఒక ఒడ్డు జర్మన్ల చేతిలో, అవతలి ఒడ్డు వాళ్లు ఆక్రమించని భాగంలో. హాలు చివరి తలుపు అవతలికి తెరుచుకుంటుంది కాబట్టి అందులోంచి మనుషుల్ని దాటించారు. ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మంచాలూ పరదాలూ ఏ కోటలో అయినా ఉంటాయి, ఈ తలుపు ఇక్కడే ఉంది.

టూర్ పెద్ద ఊరు. కర్ర దూలాల పాత ఇళ్ల మధ్య ప్లుమరో చౌక్ అందంగా ఉంటుంది, రాత్రి రెండింటిదాకా గోలగానూ ఉంటుంది. మేం దిగిన హోటల్ వాళ్లు బుకింగ్‌లో ‘సైకిల్ పార్కింగ్ ఉంది’ అని రాశారు. తీరా చూస్తే మెట్ల కింద చీపుర్ల పక్కన ఇరుకు చోటు. పాతిక కిలోల బ్యాటరీ సైకిల్‌ని ఇద్దరం మోసుకుంటూ ఐదు మెట్లు ఎక్కించాం. ఇలాంటి ఇబ్బంది వద్దనుకుంటే ‘అక్వే వెలో’ అనే గుర్తు ఉన్న బసలే చూసుకోండి. అది సైకిల్ వాళ్లకి తగ్గ ఏర్పాట్లు ఉన్నాయని తనిఖీ చేసి ఇచ్చే గుర్తు. తాళం వేసే సైకిల్ గది, రిపేరు సామాను ఉండాలి, బస దారికి ఐదు కిలోమీటర్ల లోపే ఉండాలి. మేం దిగిన వాటిల్లో ఆ గుర్తున్న ఏ ఒక్కటీ మమ్మల్ని నిరాశపెట్టలేదు.

టూర్ దాటాక అసలు ప్రయాణం మొదలైంది అంటాను. బస్సులు తగ్గిపోయాయి. విలాండ్రీలో కోట కన్నా తోట గొప్పది. హోకిం కార్వాలో అనే స్పెయిన్ డాక్టరు 1906లో కొని, తోటల్ని పాతకాలపు పద్ధతిలో మళ్లీ వేయించాడు. తొమ్మిది గడుల్లో కూరగాయల మడులు, రంగుల కోసమే నాటినట్టు ఉంటాయి: నీలం క్యాబేజీ, ఎర్ర కాడల ఆకుకూర. మా అమ్మ చూసుంటే “ఇంత ఆకుకూర పెట్టుకుని కొయ్యరేమే?” అనేది.

ఆ రోజు సోమవారం. పల్లెల్లో సోమవారం అంటే బేకరీ మూత, హోటల్ మూత. ముందు రోజు ఆదివారం సాయంత్రం టూర్‌లో ఏమన్నా కొందామంటే అక్కడా షాపులు మూసేశారు. బ్రెయెమోన్ అనే ఏటి ఒడ్డు పల్లెకి సాయంత్రం ఆరింటికి చేరేసరికి మా దగ్గర ఉన్నవి నాలుగు బిస్కట్లు. దిగింది ఒక ఇంట్లో. మన హోమ్‌స్టే లాంటివే, షాంబ్ర్ దోట్ అంటారు. పొద్దున టిఫిన్ గది అద్దెలో కలిసే ఉంటుంది, రాత్రి భోజనం కావాలంటే ముందే చెప్పుకోవాలి. మేం చెప్పుకోలేదు. ఇంటావిడకి ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచ్ పది మాటలు. మా ఆయన మాంసం తినడు అన్నది మాత్రం సైగలతో చెప్పగలిగాను. ఆవిడ గుడ్లు, పెరట్లో పాలకూర లాంటి ఆకు, రొట్టె, ఒక మేకపాల చీజ్ తెచ్చి పెట్టింది. పొడుగ్గా, పైన బూడిద పూతతో, మధ్యలో గడ్డి పరక గుచ్చి ఉంది. సాంత్-మోర్ అని ఈ ప్రాంతపు చీజ్. విరిగిపోకుండా ఆ పరక పెడతారట. మా ఆయన పరకని ముల్లులా తీసి పళ్లెం అంచున పెట్టాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. రాత్రి పది కావస్తున్నా వెలుతురు ఉంది, గట్టు మీద కూర్చున్నాం. ఎనిమిది రోజుల్లో మళ్లీ వెళ్లి ఉండాలనిపించే బస ఇదొక్కటే. ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి 80 యూరోలు, టూర్ హోటల్ కన్నా పాతిక తక్కువ.

భోజనం గురించి ఇంకో మాట. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపు కూర్చోవాలి, రెండున్నరకి వెళ్తే వంటిల్లు కట్టేస్తారు. శాకాహారులకి వేడి మేక చీజ్ సలాడ్, ఆమ్లెట్, గాలెట్ ఉంటాయి. గాలెట్ అంటే బక్‌వీట్ పిండి అట్టు. అంచులు కరకరలాడుతూ పెసరట్టు అన్నంత పని చేస్తుంది, పచ్చడి లేకపోవడమే లోటు. మంచినీళ్ల సీసా కొనక్కర్లేదు, ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు. దారిలో నీళ్లు అయిపోతే అక్కడి సైకిల్ వాళ్లు శ్మశానానికి వెళ్తారు. నిజమే, పూల మొక్కలకని ప్రతి ఊరి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది, తాగకూడనిదైతే బోర్డు ఉంటుంది. మా ఆయన గేటు బయటే నిలబడి సీసా నాకిచ్చాడు. నేను నింపుకొచ్చాను. తాగాడు కూడా, ఎక్కడివి అని మళ్లీ అడగలేదు.

యుస్సే కోట బయట నుంచే చూసి ముందుకు సాగాం. ఈ ముక్కలో షినోన్ అణు విద్యుత్ కేంద్రం కూడా ఉంది, ఫోటోల్లో ఎవరూ చూపించరు. షినోన్ ఊరు వియెన్ నది మీద, గుట్ట పైన శిథిల కోట. ఇంగ్లిష్ సైన్యం మీద పోరాడిన పల్లెటూరి పిల్ల జోన్ ఆఫ్ ఆర్క్, 1429లో ఫ్రాన్స్ యువరాజు చార్లెస్‌ని కలుసుకున్నది ఇక్కడే. కోటలో చూసేది పెద్దగా లేదు, కింద పాత వీధి మాత్రం రెండుసార్లు నడిచాం.

వియెన్ వచ్చి ల్వార్‌లో కలిసే చోట కాండ్ సెయింట్ మార్టిన్. టూర్ బిషప్‌గా ఉన్న సెయింట్ మార్టిన్ 397లో చనిపోయిన ఊరు, పక్కనే మోన్సోరో. రెండూ తెల్లటి మెత్త సున్నపురాతి ఇళ్లు, సాయంత్రం ఎండకి వెన్న రంగుకి తిరుగుతాయి. ల్వార్ ఒడ్డు ఊళ్లలో గోడల మీద గీతలు గీసి ఏళ్లు చెక్కి ఉంటాయి: 1846, 1856, 1866. పెద్ద వరదలు. కొన్ని నా తల కన్నా పైన. మా ఆయన చెయ్యెత్తి గీతని తాకి, “ఎనభై ఆరులో మన మేడ మెట్లు ఎన్ని మునిగాయే?” అన్నాడు. ఏడు. ఇద్దరికీ గుర్తుంది.

అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లు ఎక్కుడు తొక్కితే ఫాంతెవ్రో మఠం. 1101లో పెట్టింది, సన్యాసినులతో పాటు సన్యాసులు కూడా ఒక అబ్బెస్, అంటే మఠానికి పెద్దయిన సన్యాసిని, ఏలుబడిలో ఉండేవారు. నెపోలియన్ జైలు చేశాడు, 1963 దాకా జైలే. ఖాళీ చర్చిలో ఇంగ్లండ్ రాజు హెన్రీ 2, కొడుకు రిచర్డ్, భార్య ఎలియనోర్ రాతి బొమ్మలు పడుకుని ఉన్నాయి. మొగుడు కళ్లు మూసుకుని ఉంటే ఆవిడ మాత్రం పుస్తకం చదువుతోంది. నాకు బాగా నచ్చేసింది.

చివరి రోజు 15 కిలోమీటర్లే. కానీ గట్టు వదిలి ద్రాక్ష తోటల గుట్టలెక్కాలి. ఆ తెల్ల సున్నపురాయి తవ్విన గుహల్లో ఇళ్లు, దుకాణాలు, పుట్టగొడుగుల పెంపకం. సూజే దగ్గర సైకిల్ దారే గుట్ట లోపలి పాత వీధిలోంచి పోతుంది. బయట జూన్ ఎండ, లోపల చలి, కళ్లు అలవాటుపడే దాకా దిగి నడిచాం. ఒక గుహ హోటల్లో ఫూయే తిన్నాం: కట్టెల పొయ్యిలో పూరీలా పొంగే రొట్టె, అందులో తెల్ల చిక్కుడు గింజలో పుట్టగొడుగులో కూరుకుని తినడం. రియెట్ అని ఒకటి తెస్తారు, అది పంది మాంసం, శాకాహారులు ముందే వద్దనాలి.

సోమూర్‌లో సైకిళ్లు అప్పగించినప్పుడు షాపతను టైర్లు నొక్కి చూసి, పంక్చర్ సామాను సీలు కూడా విప్పలేదేంటి అన్నట్టు చూశాడు. డిపాజిట్ అక్కడికక్కడే తిరిగిచ్చాడు. రైలు సాయంత్రం నాలుగింటికి. స్టేషన్ దాకా నడవాలి కదా అంటే మా ఆయన, “అప్పుడే ఎందుకు ఇచ్చేశామే?” అన్నాడు.